అడ్మిషన్ పత్రం మీద సంతకం, జిల్లా పేజీలో ఫొటో

ప్రశ్న: హన్మకొండలో ఒక ప్రైవేటు సంతాన సాఫల్య కేంద్రంలో ఎనిమిది నెలలుగా పీఆర్వోగా పనిచేస్తున్నాను. జర్నలిజం చదివాను. ములుగు వైపు పల్లె నుంచి వచ్చిన దంపతులకు పెళ్లయిన పదకొండేళ్లకు మా దగ్గర చికిత్సతో పాప పుట్టింది. వచ్చే ఆదివారం వాళ్లను పిలిచి, ప్రెస్ మీట్ పెట్టి, శాలువా కప్పి, పాపతో ఫొటో తీసి, పేరు, ఊరుతో సహా జిల్లా పేజీలకు పంపాలని మా డైరెక్టర్ గారు చెప్పారు. తర్వాత అదే ఫొటో హోర్డింగుకు వాడతారట. పోయిన వారం పాపను చూపించడానికి వచ్చినప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచి, "మేడం, మా అత్తగారి ఊళ్లో ఎవరికీ తెలియదు, మామూలు మందులతోనే అయిందని చెప్పాం" అంది. డైరెక్టర్ గారికి చెబితే, "అడ్మిషన్ పత్రంలో ఫొటోలు వాడుకోవచ్చని ఉంది, సంతకం పెట్టారు కదా" అన్నారు. ప్రెస్ నోటులో "వందలో తొంభై మందికి సంతానం" అని రాయమన్నారు. ఆ లెక్క ఎక్కడిదో చూపలేదు. విలేకరులకు కవర్లు, ఊళ్లలోని ఆర్‌ఎంపీలకు కమీషన్లు చేరేలా చూడటం, సిబ్బంది ఫోన్ల నుంచి మంచి రివ్యూలు రాయించడం కూడా నా పనే. ఆదివారం సంగతి చెబుదామంటే పత్రంలో ఉన్నది వాళ్ల బావగారి నంబరు. ఆమె నంబరు నా దగ్గర విడిగా ఉంది. చట్టం నా మీదికి వస్తుందా? నేను జీతానికి పనిచేసేదాన్ని మాత్రమే. నాన్న లేరు, తమ్ముడి ఫీజు నా జీతం మీదే నడుస్తోంది. ఏం చేయమంటారు?
(పేరు రాయవద్దు, హన్మకొండ)

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో చాలా విషయాలు ఉన్నాయి. నేను మాత్రం ఆ తల్లి మిమ్మల్ని పక్కకు పిలిచి చెప్పిన మాట దగ్గరే ఆగిపోయాను. ఆమె ఆ మాట డైరెక్టర్ గారికి చెప్పలేదు, డాక్టరుకు చెప్పలేదు, మీకు చెప్పింది. తనకు ఇష్టం లేదని ఆమె అప్పుడే చెప్పేసినట్టు. ఇక ఏ పత్రం మీద ఎవరి సంతకం ఉన్నా ఆ మాటే చివరి మాట. ఆదివారం ఆ ఫొటో తీయకూడదు, ఆ పేరు పంపకూడదు. మిగతా విషయాల్లో బేరసారాలకు కొంత చోటుంది. ఇందులో లేదు.

ఆ సంతకం ఎలాంటి క్షణంలో పడి ఉంటుందో ఆలోచించండి. మీ కౌంటరు ముందుకు వచ్చే దంపతులను మీరు రోజూ చూస్తున్నారు. ఏళ్ల తరబడి గుళ్లకూ పసరు వైద్యులకూ తిరిగి, చివరికి ఇరవై గుంటల పొలం అమ్మో తాకట్టు పెట్టో, ఆ డబ్బు నడుముకు కట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి కాగితాల కట్ట తిప్పుతూ, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా వేలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అంటుంది. ఫొటోల సంగతి ఆ కట్టలో ఎక్కడో, చిన్న అక్షరాల్లో, చాలా చోట్ల ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరు చదువుతారు? చదివినా, "ఇది మాత్రం వద్దు, చికిత్స చేయండి" అని అనగలిగే ధైర్యం ఆ నిమిషంలో ఎవరికుంటుంది? బిడ్డ కోసం వచ్చిన మనిషి ఆ రోజు ఏ కాగితం మీదైనా సంతకం పెడుతుంది. దాన్ని అనుమతి అని పిలవడానికి నాకు మనసొప్పదు.

చట్టం కూడా అలాగే చూస్తుంది. మీ కేంద్రం నడిచేది 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం కింద. తమ దగ్గరికి వచ్చిన దంపతుల సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని ఆ చట్టమే క్లినిక్‌కు విధి పెట్టింది. ఈ చికిత్సల వివరాలు నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీకి, కోర్టు ఆదేశానికి, దంపతులే కోరిన అత్యవసర వైద్యానికి తప్ప బయటపెట్టడానికి లేదు. ఆ మినహాయింపుల్లో జిల్లా పేజీ లేదు. డాక్టర్ల నడవడికి 2002 నాటి వైద్య మండలి నిబంధనలు ఉన్నాయి. 2023లో కొత్తవి ప్రకటించి వెంటనే నిలిపివేశారు కాబట్టి పాతవే అమలులో ఉన్నాయి. రోగి ఎవరో గుర్తుపట్టేలా ఫొటోగానీ కేసు వివరాలుగానీ అనుమతి లేకుండా పత్రికల్లో వేయడం వాటి ప్రకారం డాక్టరు దుష్ప్రవర్తన. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంచెలంచెలుగా అమలులోకి వస్తోంది. దాని ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికి అని స్పష్టంగా, ఏ షరతూ లేకుండా ఇచ్చినదై ఉండాలి. మనిషి దాన్ని తన భాషలో, అంటే ఇక్కడ తెలుగులో, చదువుకునే వీలుండాలి. ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఆమె మీతో అన్న మాటకు చట్టంలో ఇంత బలం ఉంది.

పాప సంగతి ఇంకా ఆలోచించవలసినది. ఆమె ఎలా పుట్టిందో ఆమెకు చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవలసిన విషయం. బడిలో పక్కన కూర్చున్న పిల్ల పాత హోర్డింగు ఫొటో చూపించి చెప్పకూడదు.

పీఆర్వోగా నా ఉద్యోగం మొదటి రోజుల్లో నేనూ ఇలాంటి తప్పు చేశాను. ఒక ప్రైవేటు సంస్థ పేద విద్యార్థులకు పుస్తకాలు, ఫీజులు ఇచ్చే కార్యక్రమం పెట్టింది. నేను నోటు రాశాను. ఒక అబ్బాయి ఫొటో కింద పేరు, ఊరు వేసి, "తండ్రి చనిపోగా కూలి చేసి పోషిస్తున్న తల్లి" అని రాశాను. మంచి కథ దొరికిందని సంతోషపడ్డాను కూడా. మూడో రోజు ఆ తల్లి ఆఫీసుకు వచ్చింది. పత్రికను నాలుగు మడతలు పెట్టి, ఆ ముక్క మాత్రం పైకి కనిపించేలా పట్టుకుంది. గొడవ చేయలేదు. "వాడు బడికి పోనంటున్నాడు సార్, మా సంగతి ఊరందరికీ తెలిసిందట" అంది. నిజానికి నేను రాసిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. అయినా అది మరొకరి ఇంటి సంగతి. నేను అడగకుండా తీసుకుని సంస్థ పేరు కోసం వాడుకున్నాను. ఆ మడతల పత్రిక ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది.

ఇక "వందలో తొంభై" సంగతి. ఈ రంగంలో శాతం అనేది దేనికి శాతమో చెప్పకపోతే దానికి అర్థమే లేదు. ఊహకు ఒక లెక్క చెబుతాను. వందమంది చికిత్స మొదలుపెట్టారనుకోండి. కొందరిలో అండాలు సరిగా రావు, కొందరిలో పిండం ఏర్పడదు. పిండాన్ని గర్భసంచిలోకి పంపే దశకు డెబ్బైమంది చేరారనుకుందాం. రక్తపరీక్షలో గర్భం అని తేలింది ముప్పై ఐదుమందికి. వాళ్లలో కొందరికి గర్భస్రావమై, చివరికి బిడ్డను ఇంటికి తీసుకువెళ్లినవారు ఇరవై ఐదుమంది. ఈ ఒక్క లెక్క నుంచే "యాభై శాతం సఫలం" అని రాయవచ్చు, "ఇరవై ఐదు శాతం" అనీ రాయవచ్చు. పొలం అమ్ముకుని వచ్చే మనిషికి కావలసింది చివరి లెక్క ఒక్కటే. పైగా అన్నిటికన్నా పెద్ద తేడా వచ్చేది స్త్రీ వయసు వల్ల. ముప్పై ఐదు దాటాక అవకాశాలు తగ్గుతాయి, నలభై దాటితే ఇంకా వేగంగా పడిపోతాయి. ముప్పై ఏళ్లలోపు వారి ఫలితాలు చూపించి నలభై రెండేళ్ల ఆమెకు ఆశ పెడితే అది మోసమే. ఆ క్లినిక్‌లో సఫలమయ్యే అవకాశాలెంతో, ఖర్చెంతో, ఇబ్బందులేమిటో దంపతులకు ముందే వివరించాలని నేను పైన చెప్పిన 2021 చట్టమే చెబుతోంది. లోపల కౌన్సెలింగ్‌లో ఒక మాట, బయట పత్రికలో మరో మాట ఎలా కుదురుతుంది?

కాబట్టి డైరెక్టర్ గారిని మూడు విషయాలు అడగండి: ఎంతమంది మొదలుపెట్టారు, ఏ వయసువారు, ఎంతమంది బిడ్డతో ఇంటికి వెళ్లారు. అంకెలు ఇస్తే వాటినే రాయండి. ఇవ్వకపోతే ప్రెస్ నోటులో శాతమే వద్దు.

"ఆయన చెప్పారు, నేను రాశాను" అనే మాట ఎంత దూరం పనిచేస్తుందో మన వృత్తి చరిత్రలోనే ఉంది. అమెరికాలో ఐవీ లీ అనే ఆయన 1906లో బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ, మన వృత్తికి తొలి నియమావళి లాంటి ఒక ప్రకటన పత్రికలకు పంపాడు. మేము ఇచ్చేది వార్త, ప్రకటనల విభాగానికి పోవలసిందని మీకు అనిపిస్తే వాడవద్దు అన్నాడు. సమాచారం ఖచ్చితంగా ఉంటుందని మాట ఇచ్చాడు. అదే మనిషి 1914లో కొలరాడో గని కార్మికుల సమ్మె మీద, గనుల యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున కరపత్రాలు వేస్తూ, కార్మిక నాయకుల జీతాల గురించి తప్పు అంకెలు పంచాడు. ఏడాది జీతం మొత్తాన్ని కొన్ని వారాల జీతంగా చూపించాడు. తర్వాత విచారణ సంఘం ముందు, యజమానులు ఇచ్చిన సమాచారాన్నే వాడానని, సొంతంగా సరిచూసుకోలేదని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ యజమానులు ఇచ్చిన అంకెల అపకీర్తి నూరేళ్లు దాటినా లీ పేరుకే అంటుకుని ఉంది. మీకు ఇచ్చిన తొంభై కూడా అలాంటిదే.

మన దేశంలో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో ఏర్పడింది. మన వృత్తికి అంతర్జాతీయ నీతి నియమాలైన ఏథెన్స్ నియమావళిని 1968 ఏప్రిల్ 21న తనదిగా చేసుకుంది. అందుకే ఏప్రిల్ 21ని జాతీయ ప్రజాసంబంధాల దినంగా జరుపుకుంటాం. సత్యాన్ని ఇంకే అవసరానికీ తాకట్టు పెట్టకూడదని, సరిచూసుకోవడానికి వీలులేని సమాచారాన్ని ప్రచారం చేయకూడదని ఆ నియమావళి చెబుతుంది. దాన్ని మీరింకా చదవకపోతే ఈ వారంలోనే చదవండి. డైరెక్టర్ గారితో మాట్లాడేటప్పుడు "నాకు ఇష్టం లేదు" అనడం కన్నా "మా వృత్తి నియమం ఒప్పుకోదు" అనడం మీకే సులువు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ప్రశ్న. చట్టం ప్రధానంగా సంస్థనూ, దాన్ని నడిపేవారినీ, డాక్టర్లనూ పట్టుకుంటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా ఉంది. ర్యాంకుల గురించి తప్పుడు ప్రకటనలు ఇచ్చిన కోచింగ్ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇప్పటికే జరిమానాలు వేసింది. ఆసుపత్రులకు ప్రత్యేక మినహాయింపు ఏమీ లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అంటే మొదటి దెబ్బ మీ మీద పడకపోవచ్చు. అయితే నోటు పోయేది మీ మెయిల్ నుంచి, కింద ఉండేది మీ ఫోన్ నంబరు, ఫొటో ఉండేది మీ ఫోన్‌లో. విచారణ అంటూ జరిగితే మొదట పిలిచేది మిమ్మల్నే. ఆమె వద్దన్న సంగతి తెలిసి కూడా పంపారా అని అడుగుతారు. తెలియదని మీరు చెప్పలేరు. మీరు చేసినదాని మీద ఖచ్చితమైన సలహా కావాలంటే కోర్టు దగ్గర ఒక న్యాయవాదిని కలవండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు అక్కడ సలహా ఉచితం.

ఆర్‌ఎంపీల కమీషన్ల గురించి. మన జిల్లాల పల్లెల్లో "ఆసుపత్రి పీఆర్వో" అంటే కవర్లతో మోటారు సైకిలు మీద తిరిగే మనిషి అనే అర్థం స్థిరపడిపోయింది. జర్నలిజం చదివి, అక్షరం మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చిన మీలాంటివారికి ఆ అర్థం అంటగట్టడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు 2002 నిబంధనల్లోనే నిషిద్ధం. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఇరవై గుంటల్లో నుంచే. ఈ పని మీ చేతుల మీదుగా జరగడం ఆపండి. "లెక్కల విభాగం చూసుకుంటుంది" అని వాళ్లు అంటే అననివ్వండి. మీ సంతకంతో ఒక్క వోచరు కూడా పోకూడదు.

విలేకరుల కవర్లూ అంతే. డబ్బిచ్చి వేయించుకున్నదాన్ని వార్తలా చూపించడం గురించి ప్రెస్ కౌన్సిల్ 2010లోనే నివేదిక ఇచ్చింది. డబ్బు కడితే అది ప్రకటన, పైన ఆ మాట అచ్చు కావాలి. రోగుల పేరుతో సిబ్బంది రివ్యూలు రాయడం మానేయండి, రాసినవి తీయించండి. దీని మీద చర్చే అవసరం లేదు.

ఇక ఈ వారం చేయవలసిన పని. డైరెక్టర్ గారికి నోటి మాటగా మళ్లీ చెప్పవద్దు, రాసి ఇవ్వండి. కోపం లేకుండా, నాలుగైదు వాక్యాల్లో. "ఫలానా తేదీన రోగి తన వివరాలు బయటకు రావడం ఇష్టం లేదని నాతో చెప్పారు. 2021 చట్టం ప్రకారం ఆ సమాచారం గోప్యంగా ఉంచవలసిన బాధ్యత మన కేంద్రానికి ఉంది. కాబట్టి ఆదివారం కార్యక్రమాన్ని మరో విధంగా చేయాలని కోరుతున్నాను." అందులోనూ ఆమె పేరు రాయకండి. తేదీ వేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

ఒట్టి చేతులతో "వద్దు" అంటే యజమానికి కోపం వస్తుంది. మరో పని చేతిలో పెట్టి చెప్పండి. ఆదివారం ప్రెస్ మీట్ బదులు ఉచిత అవగాహన సదస్సు పెట్టమనండి. పిల్లలు కలగకపోవడానికి కారణాలు భార్యలోనే కాదు, భర్తలోనూ ఉంటాయని, మొదటి పరీక్షల్లో వీర్యపరీక్ష తేలికైనదని, చవకైనదని డాక్టరు చెప్పనివ్వండి. ఈ ఒక్క ముక్క మన పల్లెల్లో ఎంతమంది కోడళ్ల మీది నిందను తీస్తుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఏ దశలో ఎంత ఖర్చవుతుందో తెలుగులో ఒక పేజీ అచ్చు వేయించండి. ఫీజుల వివరాలు ప్రకటించడానికి వైద్య మండలి నిబంధనలు కూడా అనుమతిస్తాయి. దాని మీద మీరు రాసే నోటును ఏ జిల్లా పేజీ అయినా కవరు లేకుండానే వేస్తుందని నా అనుభవం. చదివేవాడికి పనికొచ్చే సమాచారం ఉన్న నోటు ఉప సంపాదకుడికి ఎప్పుడూ తక్కువే దొరుకుతుంది.

రేపెప్పుడైనా ఒక జంట ఇష్టపడి తమ కథ చెబుతామంటే కాదనవద్దు. అలాంటి కథలు మరికొందరికి ధైర్యమిస్తాయి. అయితే చికిత్స, బిల్లు అంతా అయిపోయాక, ఇంటికి వెళ్లి వారం పది రోజులు ఆలోచించుకున్నాక అడగండి. విడి కాగితం మీద, తెలుగులో, ఫొటో ఎక్కడెక్కడ వస్తుందో ఒక్కొక్కటీ రాసి: పత్రికలోనా, హోర్డింగు మీదా, యూట్యూబ్‌లోనా. భార్యను విడిగా అడగండి, భర్తను విడిగా అడగండి. ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని రాసి, ఒక ప్రతి వాళ్ల చేతికివ్వండి.

డైరెక్టర్ గారు అయినా ఒప్పుకోకపోతే? ఉద్యోగం వెంటనే వదిలేయమని నేను చెప్పను. తమ్ముడి ఫీజు కట్టవలసినవారు మీరు, నేను కాను. ఆ ఫొటో, ఆ శాతం మీ చేతి మీదుగా పోకుండా చూసుకుంటూ మరో ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. కోపంలో రోగుల ఫైళ్లు తీసుకెళ్లి ఏ విలేకరికో ఇవ్వకండి. అప్పుడు మీరూ అదే తప్పు చేసినట్టవుతుంది. ఫిర్యాదు చేయాలనుకుంటే డాక్టర్ల మీద తెలంగాణ వైద్య మండలికి, ప్రకటనల మీద 1915 నంబరుకు చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తప్పుదోవ పట్టించే మందుల ప్రకటనల మీద నడిచిన పతంజలి కేసులో 2024 ఏప్రిల్‌లో, పత్రికల్లో వేసిన క్షమాపణ కూడా మీ ప్రకటనలంత పెద్దదిగా వేశారా అని సుప్రీంకోర్టు అడిగిన సంగతి డైరెక్టర్ గారికి ఒకసారి గుర్తు చేయండి. హోర్డింగు ఖర్చు లెక్క వేసుకునే మనిషికి ఈ లెక్క కూడా అర్థమవుతుంది.

ఆదివారం లోపల మీరు చేయవలసిన మొదటి పని మాత్రం వీటిలో ఏదీ కాదు. ఈ ఉత్తరం చదివిన వెంటనే ఆమెకు ఫోను చేసి, ఆదివారం రానవసరం లేదని, ఆ సంతకం గురించి భయపడవద్దని చెప్పండి. ఆమె నంబరుకే చేయండి, పత్రంలో ఉన్న బావగారి నంబరుకు చేయకండి. ఆమె ఎత్తకపోతే సందేశం పెట్టకండి, ఆ ఫోను ఇంట్లో ఇంకెవరి చేతిలో ఉందో మనకు తెలియదు. సాయంత్రం మళ్లీ చేయండి.